కుట్టు మిషన్ మొరాయిస్తోందా? బాగు చేయించాలో కొత్తది కొనాలో ఇలా తేల్చుకోండి

“మిషన్ కుట్టు వదిలేస్తోందండీ. మెకానిక్ చూసి పాతదైపోయింది, మార్చేయండి అన్నాడు. ఏం చేయమంటారు?” నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఒకరిది అమ్మ ఇచ్చిన నల్ల మిషన్, ఇంకొకరిది మూడేళ్ళ క్రితం కొన్న, వంకీల కుట్టు కూడా వేసే జిగ్‌జాగ్ మిషన్. ప్రశ్న మాత్రం మారదు. నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: సూది చివరిసారి ఎప్పుడు మార్చారు?

చాలామంది దగ్గర జవాబు ఉండదు. పాడైందని పక్కన పెట్టేసిన ఇంటి మిషన్లలో చాలావాటికి అసలు రోగం ఉండదు. అరిగిన సూదో, తప్పుగా ఎక్కించిన దారమో, గుడ్డను ముందుకు నెట్టే పళ్ళ కింద పేరుకున్న నూగో అయి ఉంటుంది. కాబట్టి ముందు ఇంట్లోనే వరుసగా చూడండి. డబ్బు సంగతి ఆ తర్వాత. ఇదంతా ఇంటి మిషన్ల గురించే. టైలర్ షాపుల్లో వాడే పవర్ మిషన్ల లెక్క వేరు.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- కొత్త సూదులు: 11, 14, 16 నంబర్లు ఒక్కో ప్యాకెట్
- కుట్టు మిషన్ ఆయిల్, నీళ్ళలా తెల్లగా ఉండేది
- పెద్ద స్క్రూడ్రైవర్ ఒకటి, బాబిన్ (కింది దారం చుట్టే చిన్న చక్రం) పెట్టే కేసు స్క్రూకి సరిపోయే చిన్నది ఒకటి
- పాత టూత్‌బ్రష్ లేదా పెయింట్ బ్రష్, పాత కాటన్ గుడ్డ
- రెండు రంగుల దారం, రెండూ ఒకే మందం
- కాటన్ గుడ్డ ముక్కలు, పాత జీన్స్ ముక్క ఒకటి
- ఫోన్, టార్చ్ కోసమూ ఫొటోల కోసమూ

నూనె దగ్గర ఒక మాట. కొబ్బరి నూనె, వంట నూనె పొరపాటున కూడా వేయకండి. కొన్నాళ్ళకు అవి జిగురులా గట్టిపడి మిషన్‌ను పట్టేస్తాయి. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా మిషన్ ఆయిల్‌కి బదులు కావు. అవి ఆరిపోయాక ఇనుము మీద ఇనుము రాసుకోవడమే మిగులుతుంది.

మిషన్ వారంటీలో ఉంటే ఏ స్క్రూ విప్పకండి, కంపెనీ సర్వీసుకే ఫోన్ చేయండి. మోటార్ ఉన్న మిషన్ అయితే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయండి. పెడల్ మీద కాలు పడితే సూది వేలిలో దిగుతుంది.

1. దారం, సూది తీసేసి చక్రం తిప్పండి

గుడ్డ, దారం, బాబిన్, సూది అన్నీ తీసేయండి. చక్రాన్ని చేత్తో మీ వైపుకు నెమ్మదిగా తిప్పండి. తేలిగ్గా తిరిగితే మిషన్ లోపల పెద్ద జబ్బేమీ లేనట్టే అనుకోవచ్చు. ప్రతి చుట్టులోనూ ఒకే చోట పట్టేస్తుంటే షటిల్‌లో, అంటే సూది కింద ఆడుతూ పై దారాన్ని అందుకునే భాగంలో, దారం చిక్కుకుని ఉంటుంది. మొత్తం బరువుగా తిరుగుతుంటే నూనె ఎండిపోయింది. అసలు కదలకపోతే బలం పెట్టకండి, 5వ మెట్టు చూడండి.

చక్రం తిరుగుతోంది కానీ సూది కదలడం లేదా? కంగారు పడకండి. చక్రం మధ్యలో గుండ్రటి స్క్రూ ఉంటుంది. బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు దాన్ని వదులు చేస్తాం, తర్వాత బిగించడం మరిచిపోతాం. గట్టిగా బిగించండి, అంతే. కొన్ని జిగ్‌జాగ్ మిషన్లలో ఈ స్క్రూ ఉండదు. బాబిన్ చుట్టే పుల్లను పక్కకు జరిపితే సూది ఆగుతుంది, వెనక్కి జరపాలి.

2. సూది మార్చండి, చూడటానికి బాగానే ఉన్నా సరే

పాత సూదిని తీసి దాని మొనను గోటి మీద మెల్లగా లాగండి. సన్నటి గీత పడితే మొన వంగింది. కంటికి కనిపించని ఆ వంపే పట్టు గుడ్డలో పోగులు లాగేస్తుంది, కుట్టు వదిలేస్తుంది. సూదిని అద్దం మీద పడుకోబెట్టి చూసినా వంకర తెలుస్తుంది.

తీసేముందు ఒక ఫొటో తీసుకోండి, చదును పక్క ఎటు ఉందో కనిపించేలా. ఇంటి మిషన్ సూది కాండానికి ఒక పక్క చదునుగా ఉంటుంది. పవర్ మిషన్ సూది కాండం పూర్తిగా గుండ్రం. షాపువాళ్ళు అడక్కుండా ఇచ్చేస్తుంటారు, అది మన మిషన్‌కు పనికిరాదు. జిగ్‌జాగ్ మిషన్లలో చదును పక్క వెనక్కి ఉండాలి. నల్ల మిషన్లలో అది పక్కకు ఉంటుంది. గుర్తు ఏమిటంటే, సూదికి నిలువునా పొడవైన గాడి ఉన్న వైపు నుంచే దారం కన్నులోకి వెళ్ళాలి. చదును దానికి ఎదురు పక్క.

ఎక్కువమంది చేసే తప్పు ఇంకొకటి ఉంది. సూదిని పైదాకా తోయరు. రెండు మిల్లీమీటర్లు కిందికి ఉన్నా షటిల్ దారాన్ని సరిగ్గా అందుకోలేదు. మెకానిక్ దాన్ని చూసి “టైమింగ్ పోయింది”, అంటే సూదీ షటిల్ కలిసే వేళ తప్పింది అంటే మీరు నమ్మేస్తారు. పైన తగిలేదాకా తోసి, అప్పుడు స్క్రూ బిగించండి.

నంబర్ల సంగతి: పల్చటి పట్టు, షిఫాన్‌లకు 11, మామూలు కాటన్ బ్లౌజ్, లైనింగ్‌కు 14, మందపాటి గుడ్డకు 16, జీన్స్ మడతలకు 16 లేదా 18. సాగే గుడ్డలకు మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది అడగండి. టీ షర్టు మీద కుట్టు వదిలేస్తోందంటే ముందు చేయాల్సింది ఇదే.

3. గుడ్డను నొక్కి పట్టే పాదం పైకెత్తి దారం మళ్ళీ ఎక్కించండి

కింద దారం ఉండలు కడుతోందంటే ఎక్కువమంది బాబిన్‌నే అనుమానిస్తారు. నిజానికి కింద ఉచ్చులు పడుతున్నాయంటే తప్పు పై దారంలో ఉంటుంది. పై దారానికి పట్టు లేక అది కిందికి జారిపోతోందన్నమాట.

పాదం ఎత్తినప్పుడే, పై దారాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షన్ బిళ్ళలు విడిపోయి దారాన్ని లోపలికి తీసుకుంటాయి. పాదం దించి దారం ఎక్కిస్తే అది బిళ్ళల మధ్యకు వెళ్ళదు, పైపైనే ఉండిపోతుంది. మొత్తం దారం తీసేసి, పాదం ఎత్తి, మొదటి నుంచి ఎక్కించండి. పైకీ కిందికీ ఆడే లివర్ కన్నులోంచి దారం వెళ్ళిందో లేదో ప్రత్యేకంగా చూడండి, అక్కడే తప్పిపోతుంటుంది.

సరిగ్గా ఎక్కిందని ఎలా తెలుస్తుంది? పాదం పైకి ఉండగా దారం లాగితే తేలిగ్గా రావాలి. పాదం దించి లాగితే గట్టిగా, సూది వంగేంత పట్టుగా రావాలి. రెండుసార్లూ ఒకేలా వస్తే బిళ్ళల మధ్య పాత దారం ముక్కో మట్టో ఉంది. మడిచిన కాటన్ గుడ్డ అంచును వాటి మధ్య పెట్టి రెండుసార్లు లాగండి.

4. బాబిన్ కేసు చూడండి, పళ్ళ కింద నూగు తీయండి

కేసులో బాబిన్ పెట్టి, దారం కొన పట్టుకుని గాల్లో వేలాడదీయండి. కేసు దానంతట అది జారి కిందికి పోకూడదు. చేతిని కొద్దిగా విదిలిస్తే ఒకటి రెండు అంగుళాలు దిగి ఆగాలి. జారిపోతుంటే పక్కనున్న చిన్న స్క్రూను గడియారం ముల్లు తిరిగే దిశలో పావు చుట్టు కంటే తక్కువ తిప్పి మళ్ళీ చూడండి. అసలు కదలకపోతే ఎదురు దిశలో. ఆ స్క్రూ పూర్తిగా ఊడిందంటే దొరకడం కష్టం, కింద తెల్ల గుడ్డ పరుచుకుని చేయండి.

స్క్రూ ముట్టుకునే ముందు కేసు మీది రేకు కింద చూడండి. కంటికి ఆనని దారపు నూగు అక్కడ చిన్న ముద్దలా చేరి, రేకును పైకి లేపి ఉంచుతుంది. దాన్ని కొత్త దారంతో లాగి తీసేస్తే టెన్షన్ తనంతట తానే కుదురుకుంటుంది. రేకు మీద దారం రాసుకుని గాడి పడిందంటే మాత్రం కేసు మార్చేయాలి. అది పెద్ద ఖర్చు కాదు.

బాబిన్ అంచు వంగినా, వేరే మిషన్ బాబిన్ పెట్టినా కుట్టు పాడవుతుంది. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, కానీ ఎత్తులో వెంట్రుకవాసి తేడా చాలు.

ఇప్పుడు సూది కింది ప్లేట్ స్క్రూలు విప్పి తీయండి. పళ్ళ సందుల్లో నూగు దట్టంగా అట్టలా పేరుకుని ఉంటుంది. గుడ్డ ముందుకు కదలడం లేదని చెప్పేవాళ్ళలో చాలామందికి అసలు కారణం ఇదే. బ్రష్‌తో బయటికి లాగండి, నోటితో ఊదకండి. ఊదితే తడి చేరుతుంది, నూగు ఇంకా లోపలికి పోతుంది. షటిల్‌ను విప్పే వీలుంటే ఫొటో తీసుకుంటూ విప్పి తుడవండి. ప్లేట్ రంధ్రం అంచుల మీద వేలు పెట్టి చూడండి. సూది తగిలి గరుకు లేచి ఉంటే దారం అక్కడే తెగుతుంటుంది. సన్నటి గరుకు కాగితంతో మెల్లగా నున్నగా చేయండి, మరీ దెబ్బతింటే ప్లేట్ మార్చండి.

కొన్ని జిగ్‌జాగ్ మిషన్లలో పళ్ళను కిందికి దించే మీట ఉంటుంది. ఎప్పుడో గుండీ కుట్టడానికి దించి ఉంటారు. అదీ ఒకసారి చూడండి.

5. నూనె వేయండి

మిషన్ తలను, అంటే బల్ల మీదుండే కుట్టే భాగాన్ని, వెనక్కి వాల్చండి. ఇనుము మీద ఇనుము ఆడే ప్రతి చోటా ఒక్క చుక్క. పైన ఉండే చిన్న రంధ్రాల్లో ఒక్కో చుక్క, సూది కడ్డీకి ఒకటి, షటిల్ తిరిగే గాడిలో ఒకటి. ఎక్కువ వేస్తే మేలనుకోకండి, బ్లౌజ్ మీద మరకలు పడతాయి. బెల్ట్ మీద, మోటార్ లోపల, రబ్బరు మీద పడనివ్వకండి. తర్వాత దారం లేకుండా రెండు నిమిషాలు నడిపి, పాత గుడ్డ మీద కుట్టి, మిగిలిన నూనెను దానికి పట్టించండి. కొన్ని కొత్త మిషన్లకు మనం నూనె వేయకూడదు. పుస్తకంలో అలా రాసి ఉంటే దాన్నే పాటించండి.

ఏళ్ళ తరబడి అటక మీద ఉండి బిగుసుకుపోయిన నల్ల మిషన్‌కు ఓపిక కావాలి. నూనె వేసి, జుట్టు ఆరబెట్టుకునే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి తగిలించి, చక్రాన్ని అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడించండి. ఒక రాత్రి వదిలేసి మళ్ళీ చేయండి. మెకానిక్‌లు కిరోసిన్ వేస్తారు, అది పాత జిగురును బాగా కరిగిస్తుంది. కానీ మోటార్ విప్పేశాక, ఆరుబయట, పొయ్యికి దూరంగా, పూర్తిగా ఇనుప మిషన్‌కే వేయాలి. ప్లాస్టిక్ భాగాలున్న మిషన్‌కు వద్దు. కిరోసిన్ వేసి అలా వదిలేస్తే తుప్పు పడుతుంది, తుడిచి మిషన్ ఆయిల్ వేయాల్సిందే.

6. రెండు రంగుల దారంతో కుట్టి చూడండి

పైన ఎరుపు, కింద తెలుపు పెట్టండి. రెండు మడతల కాటన్ మీద జానెడు కుట్టండి. పైన తెల్ల చుక్కలు కనిపిస్తే పై టెన్షన్ ఎక్కువ. కింద ఎర్ర చుక్కలు కనిపిస్తే పై టెన్షన్ తక్కువ. ఎటువైపూ రెండో రంగు కనిపించకపోతే ముడి గుడ్డ మధ్యలో పడుతోంది, అదే మనకు కావలసింది.

ఇంకో పరీక్ష: గుడ్డను ఏటవాలుగా మడిచి కుట్టి, తెగేదాకా లాగండి. ప్రతిసారీ పై దారమే తెగుతుంటే అది బిగుతుగా ఉంది, కింద దారమే తెగుతుంటే బాబిన్ బిగుతుగా ఉంది. పై టెన్షన్ సరిచేసి సరిపోకపోతేనే బాబిన్ స్క్రూ జోలికి వెళ్ళండి.

7. ఇంకా కుట్టు వదిలేస్తుంటే టైమింగ్ చూడండి

చూడటం వరకే మీ పని, సరిచేయడం మెకానిక్‌ది. ప్లేట్ తీసి, టార్చ్ వేసి చక్రం నెమ్మదిగా తిప్పండి. సూది అట్టడుగుకు దిగి, పైకి లేవడం మొదలుపెట్టి సుమారు 2 మిల్లీమీటర్లు వచ్చేసరికి షటిల్ కొన సూది కన్నుకు కాస్త పైన, సూదిని రాసీరాయనట్టుగా దాటాలి. సూది వెళ్ళిపోయాక వస్తున్నా, దూరంగా పోతున్నా టైమింగ్ తప్పింది.

ఇది ఊరికే తప్పదు. మగ్గం వర్క్ బ్లౌజ్ మీద కుడుతూ పూసను సూదితో కొట్టారా? గుండుసూది మీదుగా కుట్టారా? గుడ్డ కదలట్లేదని వెనక నుంచి లాగారా? ఆ దెబ్బకే జరుగుతుంది. మెకానిక్‌కు ఈ సంగతి చెప్పండి, వెతుక్కునే పని తగ్గుతుంది. టైమింగ్ కుదర్చడం మామూలు సర్వీసు పనే. దాన్ని సాకుగా చూపి మిషన్ మార్చమంటే వేరే మెకానిక్‌ను చూసుకోండి.

8. మోటార్ సంగతి విడిగా చూడండి

బెల్ట్ తీసేసి మోటార్ ఒక్కదాన్నే నడపండి. అది హాయిగా తిరిగితే తప్పు మిషన్ తలలో ఉంది, నూనె దగ్గరకు వెళ్ళండి. తిరగకుండా మూలుగుతున్నా, నిప్పురవ్వలు వస్తున్నా, కాలిన వాసన వస్తున్నా వెంటనే ఆపండి. చాలాసార్లు మోటార్ లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉంటాయి, అవి మారిస్తే చాలు. పెడల్ నొక్కకపోయినా మిషన్ నడుస్తుంటే లోపం పెడల్‌లో ఉంది. మోటార్ పూర్తిగా కాలినా నల్ల మిషన్‌ను పారేయనక్కర్లేదు, మోటార్ విడిగా దొరుకుతుంది. కాళ్ళ స్టాండ్ ఉంటే తోలు బెల్ట్ వేసి అదే రోజు కుట్టుకోవచ్చు.

బెల్ట్ మరీ బిగించడం కూడా తప్పే. మధ్యలో వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి.

ఇప్పుడు తేల్చుకోండి

ఇనుప తల ఉన్న నల్ల మిషన్‌ను బాగు చేయించుకోండి. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. దాంట్లో అరిగే భాగాలన్నీ విడిగా దొరుకుతాయి, చిన్న ఊళ్ళో మెకానిక్‌కు కూడా దాని పని తెలుసు, మందపాటి గుడ్డ మీద అది చేసే కుట్టు చవక ప్లాస్టిక్ మిషన్ చేయలేదు. పుట్టింటి నుంచి వచ్చిన అలాంటి మిషన్‌ను ఎక్స్‌చేంజ్‌లో నామమాత్రపు ధరకు ఇచ్చేసి, తర్వాత బాధపడేవాళ్ళను చూస్తూనే ఉన్నాను.

మార్చక తప్పనివి ఇవి. మిషన్ తల కింద పడి పగిలింది, అతుకు వేసినా వరుస కుదరదు. సూది కడ్డీని పట్టుకుని ఊపితే స్పష్టంగా అటూ ఇటూ ఆడుతోంది, ప్రధాన షాఫ్ట్ కూడా వదులైంది. అన్నీ కలిసి అరిగాయంటే ఒకటి మార్చినా ఇంకొకటి మిగులుతుంది. ప్లాస్టిక్ గేర్ విరిగి, ఆ మోడల్ స్పేర్ పార్టు కంపెనీయే ఇవ్వడం లేదు. కంప్యూటర్ మిషన్‌లో సర్క్యూట్ బోర్డు పోయింది, బోర్డు ధర మిషన్ ధరలో సగం దాకా ఉంది. చేతిలో పట్టుకునే బొమ్మలాంటి చిన్న మిషన్ల మీద అసలు ఖర్చు పెట్టకండి.

ఖర్చు లెక్క ఇలా వేయండి. రిపేరు ఖర్చు, దానితో సమానమైన కొత్త మిషన్ ధరలో సగం దాటితే ఆలోచించాలి. సమానమైన అన్న మాట ముఖ్యం. గట్టి మిషన్ రిపేరును షాపులో అన్నిటికంటే చవక మిషన్ ధరతో పోల్చకండి.

పీకో, గుండీ కాజాలు, సాగే గుడ్డలు కుట్టాలనుకుంటే నల్ల మిషన్ సరిపోదు, అది సూటి కుట్టుకే. ఇది మిషన్ లోపం కాదు, మీ అవసరం పెరిగింది. పాతదాన్ని ఉంచుకుని జిగ్‌జాగ్ మిషన్ రెండోదిగా కొనండి. నెలకు రెండు మూడు చీరలే అయితే పీకో బయట చేయించుకోవడమే చవక. స్టాండ్, బల్ల బాగుండి తల ఒక్కటే పోతే తల మాత్రమే కొనవచ్చు, ఈ సంగతి షాపులో వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

మెకానిక్ దగ్గరకు వెళ్తే

“పాడైంది” అనకండి. “జీన్స్ మీద కుట్టు వదిలేస్తోంది, కాటన్ మీద బాగానే ఉంది” అని చెప్పండి. తప్పు కుట్టు పడిన గుడ్డ ముక్క, మీరు వాడే దారం తీసుకెళ్ళండి. ముందే ఖర్చు అడగండి. మార్చిన పాత పార్టులు తిరిగి ఇమ్మనండి. బాబిన్ కేసును ఇవ్వాల్సిన అవసరం లేకపోతే ఇంట్లోనే ఉంచండి, ఇస్తే ఫొటో తీసుకోండి.

డబ్బు ఇచ్చే ముందు మీరే కూర్చుని కుట్టండి. పల్చటి గుడ్డ, రెండు మడతల కాటన్, నాలుగు మడతల జీన్స్. నెమ్మదిగా, వేగంగా, వెనక్కి. ఆరో మెట్టులో చెప్పిన రెండు రంగుల పరీక్ష అక్కడే చేయండి.

కొత్తది కొనాల్సి వస్తే

షాపులో చూపించే గట్టి గంజి గుడ్డ మీద ఏ మిషన్ అయినా బాగానే కుడుతుంది. మీ గుడ్డలు తీసుకెళ్ళండి. మీ ఊళ్ళో సర్వీసు ఉందా, బాబిన్లు, సూదులు దగ్గర్లో దొరుకుతాయా అని అడగండి. ఎక్స్‌చేంజ్ మాట ఎత్తకుండా ముందు కొత్తదాని ధర తేల్చుకుని, ఆ తర్వాత పాతదానికి ఎంత ఇస్తారో అడగండి.

కుట్టుపనే జీవనాధారమైనవాళ్ళు పీఎం విశ్వకర్మ పథకం చూసుకోండి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఈ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. పరికరాలకు 15,000 రూపాయల దాకా ఈ-వోచర్ ఇస్తారు, కుటుంబంలో ఒకరికే. నమోదు ఇప్పుడు జరుగుతోందో లేదో కామన్ సర్వీస్ సెంటర్‌లో అడగండి. “ఉచిత కుట్టు మిషన్, ఈ లింక్ నొక్కండి” అని వాట్సాప్‌లో వచ్చేవాటికి మాత్రం ఆధార్ వివరాలు ఇవ్వకండి. అలాంటివి నకిలీవని కేంద్ర ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ విభాగమే చెప్పింది.

అమెరికా నుంచి తెచ్చిన మిషన్‌ను ఇక్కడ నేరుగా ప్లగ్‌లో పెట్టకండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. మోటార్, పెడల్, లైటు కాలిపోతాయి. ఇక్కడి మిషన్ అమ్మాయి కోసం అక్కడికి తీసుకెళ్ళినా కుదరదు, వోల్టేజీ చాలక మోటార్ నీరసంగా తిరుగుతుంది. కంప్యూటర్ మిషన్ కాకపోతే రెండు సందర్భాల్లోనూ తల బాగానే ఉంటుంది, మోటార్, పెడల్, లైటు మారిస్తే సరిపోతుంది.

పాతదాన్ని ఇచ్చేయాలనే నిర్ణయించుకుంటే దాని పాదాలు, బాబిన్లు తీసి పక్కన పెట్టుకోండి. ఇంటి మిషన్లలో చాలావాటికి పాదం బిగించే కాండం ఎత్తు ఒకటే కాబట్టి జిప్ పాదం, పైపింగ్ పాదం కొత్తదానికి పనికొచ్చే అవకాశం ఎక్కువ. బాబిన్లను మాత్రం కొత్త మిషన్‌తో వచ్చిన బాబిన్ పక్కన నిలబెట్టి, ఎత్తు సరిగ్గా సమానంగా ఉంటేనే వాడండి.